పెంపుడు పిల్లితో విదేశాలకు: నాలుగు నెలల నిరీక్షణ వెనుక విజ్ఞానం

విదేశంలో ఉద్యోగం వచ్చిన మనిషికి కొన్ని వారాల్లో వీసా చేతికి రావచ్చు. అదే ఇంట్లో పెరిగిన పిల్లికి భారతదేశం నుంచి యూరప్‌లో అడుగుపెట్టే అర్హత రావాలంటే మాత్రం దాదాపు నాలుగు నెలలు పడుతుంది. జపాన్‌కైతే ఏడు నెలల పైనే. డబ్బు ఎక్కువ చెల్లించినా, ఎంత పెద్దవాళ్లతో చెప్పించినా ఈ గడువు తగ్గదు. ఎందుకంటే ఇది కార్యాలయాల్లో ఫైలు కదలడానికి పట్టే సమయం కాదు. ఒక వైరస్ శరీరంలో దాక్కోగల కాలాన్ని బట్టి వేసిన లెక్క.

ఈ లెక్క తెలియకపోవడం వల్ల చాలా కుటుంబాలు ఇబ్బంది పడుతుంటాయి. విమానం టికెట్లు కొన్నాక పశువైద్యుడి దగ్గరకు వెళ్తారు. టీకాలన్నీ వేయించాం కదా, ఇక కాగితాలే మిగిలాయి అనుకుంటారు. తీరా చూస్తే టీకా ముందు, మైక్రోచిప్ తరువాత పడి ఉంటుంది. ఆ ఒక్క తేడాతో లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. పిల్లిని బంధువుల ఇంట్లో దింపడమా, ప్రయాణం వాయిదా వేసుకోవడమా అనే ప్రశ్న ఎదురవుతుంది. ఏ మెట్టు తరువాత ఏది, అది ఎందుకలా ఉంది అన్నది ముందే అర్థమైతే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

అసలు భయం రేబిస్ గురించే

పిల్లి ప్రయాణానికి సంబంధించిన నిబంధనల్లో ఎక్కువ భాగం ఒకే ఒక్క వ్యాధి చుట్టూ తిరుగుతాయి. అదే రేబిస్. తుపాకీ గుండు ఆకారంలో ఉండే ఈ వైరస్ సాధారణంగా జబ్బు పడిన జంతువు కాటు ద్వారా, లాలాజలంతో శరీరంలోకి చేరుతుంది. చాలా వైరస్‌ల మాదిరిగా రక్తంలో వ్యాపించదు. గాయం దగ్గరి కండరంలో కొంతకాలం ఉండి, అక్కడి నరాల చివరలను పట్టుకుని, నరం లోపలి దారి వెంట మెదడు వైపు పాకుతుంది. మెదడుకు చేరి లక్షణాలు బయటపడ్డాక మనిషైనా జంతువైనా బతకడం దాదాపు అసాధ్యం.

ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారని అంచనా. అత్యధిక శాతం మరణాలకు కారణం కుక్క కాటు. భారతదేశంలో ఈ వ్యాధి ఇప్పటికీ దాదాపు అన్ని ప్రాంతాల్లోనూ కనిపిస్తూనే ఉంది. పిల్లులకంటూ ప్రత్యేకమైన రేబిస్ రకం ఏదీ లేదు. కానీ కుక్కల నుంచో, అడవి జంతువుల నుంచో వాటికి సోకుతుంది, వాటి నుంచి మనుషులకూ సోకవచ్చు. అమెరికాలో పెంపుడు జంతువుల్లో రేబిస్ ఎక్కువగా బయటపడేది కుక్కల్లో కాదు, పిల్లుల్లోనే. అక్కడ కుక్కలకు టీకా దాదాపు తప్పనిసరి కావడం, పిల్లుల విషయంలో అంత పట్టింపు లేకపోవడం దీనికి ప్రధాన కారణం.

ద్వీప దేశాలు నేర్చుకున్న పాఠం

రేబిస్‌ను వదిలించుకున్న దేశం దాన్ని మళ్లీ రానివ్వకుండా ఎంత పట్టుదలగా ఉంటుందో బ్రిటన్ చరిత్ర చెబుతుంది. వీధి కుక్కల నియంత్రణ, మూతికి బుట్టలు తొడగడం, బయటి నుంచి వచ్చే జంతువులను నెలల తరబడి విడిగా ఉంచడం వంటి చర్యలతో ఆ దేశం 1902 నాటికి రేబిస్‌ను నిర్మూలించింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే సమయంలో, 1918లో, యుద్ధభూమి నుంచి తిరిగొచ్చిన సైనికులు దొంగచాటుగా తెచ్చుకున్న కుక్కలతో వ్యాధి మళ్లీ ప్రవేశించింది. దాన్ని తిరిగి వదిలించుకోవడానికి 1922 దాకా పట్టింది.

ఆ తరువాత దశాబ్దాల పాటు బ్రిటన్‌కు వచ్చే ప్రతి పిల్లీ, ప్రతి కుక్కా ఆరు నెలలు క్వారంటైన్ కేంద్రంలో గడపాల్సి వచ్చేది. యజమానులకు అదొక పెద్ద శిక్ష. నమ్మదగిన టీకా, చెరిగిపోని గుర్తింపు, రక్తంలో రక్షణను కొలిచే పరీక్ష, ఈ మూడూ అందుబాటులోకి వచ్చాక 2000 సంవత్సరంలో ఆ పద్ధతి మారింది. బోనులో గడపాల్సిన కాలాన్ని జంతువు తన సొంత ఇంట్లోనే, టీకా రక్షణతో గడిపేలా కొత్త పథకం తెచ్చారు. నేడు మనం చూస్తున్న నాలుగు నెలల నిరీక్షణ అలా పుట్టినదే. అంటే ఇది కొత్తగా వచ్చిపడిన భారం కాదు, పాత క్వారంటైన్‌కు మెరుగైన ప్రత్యామ్నాయం.

జపాన్ సంగతి మరీ ఆసక్తికరం. ఆ దేశంలో జంతువుల్లో చివరిసారిగా, 1957లో, రేబిస్ బయటపడింది ఒక పిల్లిలో. అప్పటి నుంచి విదేశాల్లో కాటుకు గురై వచ్చిన కొద్దిమంది మనుషుల్లో తప్ప అక్కడ ఈ వ్యాధి కనిపించలేదు. ఆ స్థితిని కాపాడుకోవడానికే జపాన్ నిబంధనలు అంత కఠినంగా ఉంటాయి.

మొదటి మెట్టు: బియ్యపు గింజంత చిప్

అన్నిటికన్నా ముందు జరగాల్సింది మైక్రోచిప్ అమర్చడం. టీకా ధ్రువపత్రం మీద ఉన్న పిల్లి, విమానాశ్రయంలో ఎదుట ఉన్న పిల్లి ఒకటేనని రుజువు కావాలి. రంగు, మచ్చలు, పేరు దీనికి సరిపోవు. అందుకే చిప్ పెట్టకముందు వేసిన రేబిస్ టీకాను లెక్కలోకి తీసుకోరు. ఆ టీకా నిజంగా వేసి ఉండవచ్చు. కానీ ఏ పిల్లికి వేశారో నిరూపించే మార్గం లేదు. చిప్, టీకా ఒకే రోజు వేయించవచ్చు, అయితే చిప్ ముందు పడాలి.

ఈ చిప్ సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు గొట్టం. లోపల ఫెర్రైట్ కడ్డీ చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట, ఒక కెపాసిటర్, చిన్న సిలికాన్ ముక్క ఉంటాయి. బ్యాటరీ ఉండదు. పశువైద్యుడు రీడర్‌ను పిల్లి మెడ వెనుక భాగానికి దగ్గరగా తెచ్చినప్పుడు, రీడర్‌లోని తీగచుట్ట సెకనుకు 1,34,200 సార్లు డోలనం చెందే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రం దగ్గర్లోని తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. ఆ కొద్దిపాటి విద్యుత్తుతో చిప్ మేలుకుని, తన 15 అంకెల సంఖ్యను చెప్పి మళ్లీ నిద్రపోతుంది.

చిన్న తీగచుట్ట నుంచి దూరం జరిగే కొద్దీ అయస్కాంత క్షేత్రం చాలా వేగంగా బలహీనపడుతుంది. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే రీడర్‌ను కొద్ది సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి. తప్పిపోయిన పిల్లి ఎక్కడుందో చిప్ చెప్పలేకపోవడానికి కూడా ఇదే కారణం. అది జీపీఎస్ కాదు, గుర్తింపు కార్డు మాత్రమే.

చిప్ కొనేటప్పుడు అది ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలకు తగినదో కాదో చూసుకోవాలి. వేరే పౌనఃపున్యంలో పనిచేసే చిప్‌ను విదేశీ విమానాశ్రయంలోని రీడర్ చదవలేకపోవచ్చు. చదవలేని చిప్ ఉన్నా లేనట్టే. ప్రతి టీకాకు, ప్రతి రక్త నమూనాకు ముందు చిప్‌ను చదివించి, ఆ 15 అంకెలూ కాగితం మీద సరిగ్గా పడ్డాయో లేదో సరిచూసుకోవడం మంచి అలవాటు. ఒక్క అంకె తారుమారైనా ఆ కాగితం వేరే పిల్లిదవుతుంది.

రెండో మెట్టు: టీకా, దాని తరువాత పరీక్ష

యూరప్ నిబంధనల ప్రకారం రేబిస్ టీకా వేసేనాటికి పిల్లికూన వయసు కనీసం 12 వారాలు ఉండాలి. అంతకంటే చిన్న కూనల రక్తంలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఉండి, టీకాను పనిచేయనివ్వకపోవచ్చు. జంతువులకు వాడే రేబిస్ టీకాలు మన దేశంలోనే తయారవుతున్నాయి. 1982లో జాతీయ డెయిరీ అభివృద్ధి మండలి హైదరాబాద్‌లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మనుషులకూ జంతువులకూ కూడా ఈ టీకాలు తయారు చేస్తోంది.

భారత్ వంటి రేబిస్ ఉన్న దేశాల నుంచి వచ్చే జంతువులకు టీకా ఒక్కటే సరిపోదు. టీకా పనిచేసిందని రక్తపరీక్ష చూపించాలి. టీకా వేసిన కనీసం 30 రోజుల తరువాత రక్తం తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుతారు. మొదటి టీకా తరువాత రక్తంలో యాంటీబాడీలు సాధారణంగా నాలుగు వారాల ప్రాంతంలో గరిష్ఠ స్థాయికి చేరి, తరువాత మెల్లగా తగ్గుతాయి. అందువల్ల 30 రోజులు దాటగానే రక్తం తీయించడం తెలివైన పని. మరీ ఆలస్యం చేస్తే ఫలితం గీతకు దిగువన పడే అవకాశం పెరుగుతుంది.

ఈ పరీక్ష మామూలు రక్తపరీక్ష లాంటిది కాదు. ఎఫ్‌ఏవీఎన్ అనే పద్ధతిలో పిల్లి రక్తపు సీరంను మూడింతల చొప్పున పలుచన చేస్తూ చిన్న చిన్న గుంటలున్న పళ్లెంలో పోస్తారు. ప్రతి గుంటలో ఒకే మోతాదులో సజీవ రేబిస్ వైరస్‌ను కలుపుతారు. యాంటీబాడీలు తగినంత ఉంటే వైరస్‌ను కట్టడి చేస్తాయి. లేకపోతే వైరస్ మిగిలిపోతుంది. తరువాత వైరస్ సులభంగా సోకే కణాలను ఆ గుంటల్లో వేసి, శరీర ఉష్ణోగ్రతకు దగ్గరగా రెండు రోజుల పాటు ఉంచుతారు. చివరికి రేబిస్ వైరస్‌కు అంటుకుని మెరిసే రంగు కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆకుపచ్చగా మెరిసిన గుంటల్లో వైరస్ గెలిచినట్టు, మెరవని గుంటల్లో యాంటీబాడీలు గెలిచినట్టు. ఎంత పలుచన చేసే దాకా యాంటీబాడీలు గెలిచాయన్న దాన్ని బట్టి వాటి బలాన్ని లెక్కిస్తారు.

మిల్లీలీటరు రక్తపు సీరంలో 0.5 అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే పరీక్ష నెగ్గినట్టు. సజీవ రేబిస్ వైరస్‌తో చేసే పని కాబట్టి పటిష్ఠమైన జీవభద్రత ఏర్పాట్లున్న కొద్ది ప్రయోగశాలలే దీన్ని చేస్తాయి. వెళ్లే దేశం ఆమోదించిన జాబితాలో ఆ ప్రయోగశాల ఉందో లేదో రక్తం తీయించక ముందే చూసుకోవాలి. జాబితాలో లేని చోట చేసిన పరీక్ష ఫలితం ఎంత బాగున్నా చెల్లదు.

పిల్లి ఈ పరీక్షలో తప్పితే కంగారు పడనక్కర్లేదు. శరీరంలో జ్ఞాపక కణాలు ఉన్నా, ఆ రోజున రక్తంలో యాంటీబాడీలు గీత కంటే తక్కువ ఉండవచ్చు. మరో టీకా వేయించి మళ్లీ పరీక్ష చేయిస్తే చాలాసార్లు నెగ్గుతాయి. పోయేది సమయమే.

నెగ్గాక కూడా ఎందుకు ఆగాలి?

యజమానులకు అన్నిటికన్నా అంతుపట్టనిది ఇదే. టీకా పడింది, పరీక్షలో రక్షణ ఉందని తేలింది. అయినా యూరోపియన్ యూనియన్‌కు, బ్రిటన్‌కు వెళ్లాలంటే రక్తం తీసిన రోజు నుంచి మరో మూడు నెలలు ఆగాలి. ఎందుకు?

ఒక పిల్లిని టీకాకు వారం ముందు రేబిస్ ఉన్న కుక్క కరిచిందనుకుందాం. గాయం చిన్నది కావడంతో ఎవరూ గమనించలేదు. వైరస్ అప్పటికే నరంలోకి చేరి నెమ్మదిగా పైకి పాకుతోంది. నరం లోపల ఉన్న వైరస్ యాంటీబాడీలకు అందదు. ఇంతలో టీకా వేశారు. దానికి స్పందించి శరీరం రక్తంలో యాంటీబాడీలను నింపింది. 30 రోజుల తరువాత పరీక్ష చేస్తే ఫలితం చక్కగా నెగ్గుతుంది. కానీ పిల్లి లోపల వ్యాధి మాత్రం కొనసాగుతూనే ఉండవచ్చు.

పొదుగు దశలో ఉన్న రేబిస్‌ను బతికి ఉన్న జంతువులో నమ్మకంగా గుర్తించే పరీక్ష నేటికీ లేదు. నిర్ధారణ సాధారణంగా మరణించాక మెదడు కణజాలంతోనే జరుగుతుంది. కాబట్టి అలాంటి పిల్లిని పట్టుకోగలిగేది ఒక్క కాలమే. వైరస్ ఉంటే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో లక్షణాలు బయటపడతాయి. టీకా తరువాత 30 రోజులు, ఆపై మూడు నెలలు ఆరోగ్యంగా గడిపిన పిల్లిలో దాగిన వ్యాధి ఉండే అవకాశం చాలా స్వల్పం. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ రేబిస్ పొదుగు కాలాన్ని ఆరు నెలలుగా పరిగణిస్తుంది. జపాన్, ఆస్ట్రేలియా వంటి రేబిస్ రహిత దేశాలు 180 రోజులు అడగడానికి ఆధారం ఇదే. అంటే ఒక్కో దేశం ఎంత ప్రమాదాన్ని భరించడానికి సిద్ధపడుతుందన్నదే గడువులో తేడా.

క్యాలెండర్ మీద పెట్టి చూస్తే

ఉదాహరణకు మార్చి 1న పిల్లికి చిప్ అమర్చి, అదే రోజు టీకా వేయించారు. ఏప్రిల్ 1న రక్తం తీసి ప్రయోగశాలకు పంపారు. ఫలితం నెగ్గితే, మూడు నెలల గడువు ఫలితం వచ్చిన రోజు నుంచి కాక రక్తం తీసిన ఏప్రిల్ 1 నుంచే మొదలవుతుంది. జులై 1 తరువాత ఆ పిల్లి జర్మనీకో, ఫ్రాన్స్‌కో వెళ్లవచ్చు. ఈలోగా టీకా గడువు తీరిపోకూడదు. బూస్టర్ ఒక్క రోజు ఆలస్యమైనా అది మళ్లీ మొదటి టీకా కిందకే వస్తుంది.

మరో చిక్కు ఉంది. యూరోపియన్ యూనియన్, బ్రిటన్ నిబంధనల్లో పెంపుడు జంతువు యజమాని ప్రయాణానికి అయిదు రోజులు అటూ ఇటూగా ప్రయాణించాలి. లేదంటే దాన్ని వాణిజ్య రవాణాగా చూస్తారు, నిబంధనలు మరింత కఠినమవుతాయి. మార్చిలో వెళ్లిపోయి, పిల్లిని జులైలో ఎవరితోనో పంపించమంటే కుదరకపోవచ్చు. అందుకే కొన్ని కుటుంబాల్లో భార్యాభర్తల్లో ఒకరు ముందు వెళ్లి, రెండోవారు గడువు ముగిశాక పిల్లితో బయలుదేరుతారు. ఇలా చేసేటప్పుడు కాగితాల మీద యజమానిగా ఎవరి పేరు ఉందో చూసుకోవాలి.

దేశానికో దారి

తెలుగువారు ఎక్కువగా వెళ్లే అమెరికాలో పిల్లుల విషయంలో నిబంధనలు తేలిక. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం కుక్కల ప్రవేశానికి కఠినమైన షరతులు తెచ్చింది, కానీ అవి పిల్లులకు వర్తించవు. దిగేటప్పుడు పిల్లి ఆరోగ్యంగా కనిపించాలి. అయితే చాలా రాష్ట్రాలు, విమానయాన సంస్థలు రేబిస్ టీకా పత్రం అడుగుతాయి కాబట్టి అది లేకుండా బయలుదేరకూడదు. హవాయి వేరే కథ. రేబిస్ లేని ఆ ద్వీప రాష్ట్రానికి సొంత క్వారంటైన్ నిబంధనలున్నాయి.

జపాన్‌కు రెండు రేబిస్ టీకాలు, రక్తపరీక్ష, రక్తం తీసిన నాటి నుంచి 180 రోజుల నిరీక్షణ, రాకకు కనీసం 40 రోజుల ముందు సమాచారం ఇవ్వడం తప్పనిసరి. అన్నీ సక్రమంగా ఉంటే విమానాశ్రయంలో కొన్ని గంటల్లో వదిలేస్తారు. లేకపోతే 180 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం వారికుంది.

అన్నిటికన్నా కష్టమైన దారి ఆస్ట్రేలియాది. భారత్ నుంచి పిల్లులను నేరుగా రానివ్వరు. ఆస్ట్రేలియా ఆమోదించిన మరో దేశంలో కొంతకాలం ఉంచి, అక్కడి ప్రభుత్వ పశువైద్యుల ధ్రువీకరణతో పంపాలి. దిగాక మెల్‌బోర్న్ సమీపంలోని మికిల్‌హామ్ కేంద్రంలో కనీసం 10 రోజుల క్వారంటైన్ ఉంటుంది. ఈ నిబంధనలన్నీ మారుతూ ఉంటాయి. బయలుదేరే ముందు ఆ దేశ ప్రభుత్వ పశు ఆరోగ్య విభాగం వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడం తప్పనిసరి.

ఆఖరి పది రోజులు

యూరప్‌కు కావాల్సిన ఆరోగ్య ధ్రువపత్రం జారీ అయిన నాటి నుంచి పది రోజుల్లోపు పిల్లి అక్కడికి చేరాలి. మన దేశంలో ఈ పత్రాన్ని ఇచ్చేది కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ కిందనున్న జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల కేంద్రాలు. ఇవి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్నాయి. విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి వంటి చోట్ల ఉన్నవారు హైదరాబాద్‌నో చెన్నైనో దృష్టిలో పెట్టుకుని ప్రణాళిక వేసుకోవాలి. సెలవులు, శనాదివారాలు ఈ పది రోజుల్లో పడితే సమయం మరింత తగ్గుతుంది.

అసాధారణ పరిస్థితుల్లో ప్రభుత్వాలు పట్టు సడలించిన సందర్భాలూ ఉన్నాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు అక్కడి భారతీయ విద్యార్థులు కొందరు తమ పిల్లులను, కుక్కలను వదిలి రావడానికి ఒప్పుకోలేదు. వారు వాటిని వెంట తెచ్చుకునేందుకు కేంద్రం ఒకసారికి మినహాయింపు ఇచ్చింది.

విమానంలో పిల్లికి ఏమవుతుంది?

సరకుల అరలో పెంపుడు జంతువులు చలికి గడ్డకట్టుకుపోతాయన్న భయం చాలామందిలో ఉంది. 35,000 అడుగుల ఎత్తులో బయటి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 54 డిగ్రీలు, గాలి పీడనం నేల మీద ఉన్నదానిలో నాలుగో వంతు. కానీ జంతువులను ఉంచే అరలోనూ ప్రయాణికుల క్యాబిన్‌లో ఉన్నంత పీడనమే ఉంటుంది, వెచ్చదనానికి ఏర్పాటు ఉంటుంది. క్యాబిన్ పీడనం ఎక్కువలో ఎక్కువ 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా ఉంటుంది. అంటే ఊటీ కంటే కాస్త ఎత్తైన కొండ మీద కూర్చున్నట్టు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి దీన్ని తట్టుకుంటుంది. గుండె జబ్బు ఉన్న పిల్లికి మాత్రం ఆ పలుచని గాలి భారం కావచ్చు. పిల్లుల్లో గుండె కండరం మందమయ్యే జబ్బు తరచుగా పైకి కనిపించదు కాబట్టి ప్రయాణానికి ముందు పరీక్ష చేయించడం మేలు.

అసలు ప్రమాదం ఆకాశంలో కంటే నేల మీద ఎక్కువ. పిల్లికి చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల కిందే ఉంటాయి. ఒంటిని నాకి, ఆ తడి ఆరేటప్పుడు చల్లబడుతుంది. మే నెలలో మధ్యాహ్నం రన్‌వే పక్కన ఎండలో నిలిచిన పెట్టెలో, భయంతో నాకడం కూడా మానేసిన పిల్లి శరీరం వేగంగా వేడెక్కుతుంది. పర్షియన్ వంటి చదును ముఖం పిల్లులకు ఇది మరింత ప్రమాదం. వాటి ముక్కు దారి పొట్టిగా, ఇరుగ్గా ఉండటంతో శ్వాస ద్వారా వేడి బయటకు పోవడం కష్టం. అందుకే కొన్ని విమానయాన సంస్థలు వాటిని అరలో అనుమతించవు. వేసవిలో తప్పనిసరైతే రాత్రి విమానం, వీలైనంత తక్కువ మార్పిడులున్న మార్గం ఎంచుకోవాలి.

కొన్ని విమానాల్లో చిన్న పిల్లులను క్యాబిన్‌లో కాళ్ల దగ్గర పెట్టుకోనిస్తారు. బ్రిటన్, ఆస్ట్రేలియాలకు మాత్రం కార్గోగానే రావాలి. పెట్టె కొలతలకు అంతర్జాతీయ వాయు రవాణా సంఘం సూత్రం ఉంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవుకు, ముందు కాలి మోచేతి ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు. నిలబడినప్పుడు చెవి కొస దాకా ఉన్న ఎత్తుకు పరుపు మందం కలిపితే పెట్టె ఎత్తు. 45 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల మోచేతి ఎత్తు, 15 సెంటీమీటర్ల భుజాలున్న పిల్లికి కనీసం 52.5 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు పెట్టె కావాలి. చదును ముఖం జాతులకు మరో పది శాతం పెంచాలి. పిల్లి నిలబడి, తిరిగి, పడుకోగలగాలన్నదే ఈ లెక్కల సారం.

మత్తుమందు ఇచ్చి నిద్రపుచ్చితే హాయిగా ఉంటుందని కొందరు అనుకుంటారు. ఇది ప్రమాదకరం. మత్తుమందులు రక్తపోటును, శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే శక్తిని తగ్గిస్తాయి. పెట్టె ఒరిగినప్పుడు పిల్లి నిలదొక్కుకోలేదు. పైగా అరలో దాన్ని కనిపెట్టుకుని ఉండేవారెవరూ ఉండరు. చాలా విమానయాన సంస్థలు మత్తులో ఉన్న జంతువును తీసుకోవు. దీనికన్నా మంచి ఉపాయం, పెట్టెను నెలల ముందే తెచ్చి ఇంట్లో తెరిచి ఉంచడం. పిల్లి దానిలో తింటూ, పడుకుంటూ ఉంటే అది దాని చోటే అయిపోతుంది. నాలుగు నెలల నిరీక్షణ ఇందుకు బాగా పనికొస్తుంది.

కొత్త ఇల్లు, పాత వాసన

మనిషి ఇంటిని కళ్లతో గుర్తుపడితే పిల్లి ప్రధానంగా వాసనతో గుర్తుపడుతుంది. బుగ్గలను తలుపులకు, కుర్చీ కాళ్లకు రుద్దినప్పుడు ముఖ గ్రంథుల రసాయనాలు అక్కడ అంటుకుంటాయి. ఇది నా చోటు అని చెప్పే గుర్తులవి. కొత్త దేశంలోని ఇంట్లో అవేవీ ఉండవు. అందుకే పిల్లి పాత దుప్పటిని ఉతక్కుండా వెంట తీసుకెళ్లడం ఉపయోగపడుతుంది. మొదట ఒకే గదిలో తిండి, నీళ్లు, ఇసుక తొట్టి, దాక్కునే చోటు అమర్చి, అది ధైర్యం తెచ్చుకునే కొద్దీ మిగతా గదులు చూపించాలి. కనీసం కొన్ని వారాలు బయటకు వదలకూడదు.

రెండు ప్రమాద సూచనలను తేలిగ్గా తీసుకోకూడదు. బెంగతో పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లయితే, ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుని ప్రాణాల మీదకు రావచ్చు. మగపిల్లి మాటిమాటికీ ఇసుక తొట్టికి వెళ్లి, మూత్రం రాక ముక్కుతుంటే మూత్రమార్గం మూసుకుపోయి ఉండవచ్చు. ఈ రెండో స్థితిలో గంటల వ్యవధిలో వైద్యం అందాలి. దిగగానే దగ్గర్లోని పశువైద్యుడి చిరునామా తెలుసుకుని ఉంచుకోవడం, చిప్ నమోదులో కొత్త ఫోన్ నంబరు మార్పించడం మొదటి వారం పనుల్లో ఉండాలి.

తీసుకెళ్లడం కుదరకపోతే

ముసలితనం, తీవ్రమైన గుండె జబ్బు, ఆస్ట్రేలియా వంటి సుదీర్ఘ మార్గం ఉన్నప్పుడు పిల్లిని తెలిసినవారికి అప్పగించడమే దానికి మంచిది కావచ్చు. దానికి కూడా వ్యవధి కావాలి. కొత్తవారి ఇంట్లో కొన్నిసార్లు ఉంచి చూడాలి, టీకా పుస్తకం, తిండి అలవాట్లు అప్పజెప్పాలి. వీధిలో వదిలేస్తే ఎలాగోలా బతికేస్తుందన్న నమ్మకంలో నిజం లేదు. ఇంట్లో పెరిగిన పిల్లికి వేట, వాహనాలు, వీధి కుక్కలు తెలియవు. ఆకలితోనో దాహంతోనో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

ఈ నిరీక్షణ శాశ్వతం కావాలనేం లేదు. రేబిస్ అదుపులో ఉందని నమ్మకంగా చూపించగలిగిన దేశాల పిల్లులకు యూరప్ రక్తపరీక్షనూ మూడు నెలల గడువునూ అడగదు. కుక్కల ద్వారా మనుషులకు వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని భారత్ 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. వీధి కుక్కలకు విస్తృతంగా టీకాలు వేయడం దానికి పునాది. ఆ పని పూర్తయితే ముందుగా కాపాడబడేది పల్లెల్లో, బస్తీల్లో కుక్క కాటుకు గురయ్యే పిల్లల ప్రాణాలు. విమానాశ్రయంలో పిల్లి పెట్టె మీద ఉన్న గడువు తగ్గడానికి దారి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. అప్పటిదాకా విదేశీ ఆలోచన మనసులో మెదిలిన రోజునే పిల్లికి చిప్, టీకా వేయించడం ఒక్కటే తెలివైన మార్గం. ప్రయాణం కుదరకపోయినా ఆ రెండూ వృథా పోవు.